అమ్మకు మతిమరుపు.. కొత్త ఇంజెక్షన్ ఇప్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. మలక్‌పేటలో మా దగ్గరే ఉంటుంది. చాలా ఏళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. గుండె లయ తప్పుతోందని రక్తం పలుచన చేసే మాత్ర కూడా వాడుతోంది. ఏడాదిగా కాస్త మతిమరుపు ఉంది. నెలన్నర క్రితం బాత్రూంలో జారిపడింది. దెబ్బ పెద్దగా తగల్లేదు కానీ, అప్పటి నుంచి మరుపు బాగా పెరిగింది. పగలు కూడా మగతగా ఉంటోంది. పక్కింటివాళ్లతో ఉర్దూలో గంటలకొద్దీ కబుర్లు చెప్పేది, మాటలు తట్టడం లేదని మానేసింది. అల్జీమర్స్‌కు లెకానెమాబ్ అనే ఇంజెక్షన్ వచ్చిందని, ఎంత ఖర్చయినా ఇప్పిద్దామని అమెరికాలో ఉన్న అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇంజెక్షన్ సంగతి తర్వాత. ముందు ఈరోజే అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లి తలకు సీటీ స్కాన్ చేయించండి. మీరు రాసినవాటిలో నాకు టెన్షన్ పెట్టింది ఆమె జారిపడటం, ఆ తర్వాత వచ్చిన మగత. వయసు పైబడినవారిలో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. దానిపై ఉండే సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే అవి చిట్లి, మెదడుకూ పైపొరకూ మధ్య రక్తం మెల్లగా చేరుతుంది. లక్షణాలు కొన్ని వారాల తర్వాత బయటపడతాయి. రక్తం పలుచన చేసే మాత్ర వాడేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. అదే అయితే, పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తారు. చాలామంది కోలుకుంటారు. ఆ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఆపకండి, పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఆపాలా వద్దా అన్నది స్కాన్ చూసి డాక్టర్ చెబుతారు. వాంతులు, తీవ్రమైన తలనొప్పి, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పడం కనిపిస్తే అర్ధరాత్రి అయినా సరే 108కి ఫోన్ చేయండి.

బి12, థైరాయిడ్, సోడియం రక్తపరీక్షలు కూడా చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో బి12 తగ్గవచ్చు, దానివల్లా మరుపు వస్తుంది. అలాగని మెట్‌ఫార్మిన్ మానేయక్కర్లేదు, బి12 ఇస్తే సరిపోతుంది. నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు ఏమైనా వాడుతుంటే అవీ డాక్టర్‌కు చూపించండి.

ఇక మీ అన్నయ్య చెప్పిన మందు. లెకానెమాబ్‌కు అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. 1,795 మందిపై 18 నెలలు జరిగిన పరిశోధనలో జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది. కానీ జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానంలో అది అర పాయింటు కన్నా తక్కువ తేడా. పోయిన జ్ఞాపకశక్తిని ఈ మందు తిరిగి తేదు. అల్జీమర్స్ తొలి దశలో, మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందని పరీక్షల్లో తేలినవారికే ఇస్తారు. రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి. మందు తీసుకున్నవారిలో దాదాపు 13 శాతం మందికి ఎంఆర్‌ఐలో మెదడు వాపు కనిపించింది, కొందరికి మెదడులో రక్తస్రావమూ అయింది. అందుకే అమ్మగారిలా రక్తం పలుచన చేసే మాత్ర వాడేవారికి దీన్ని ఇవ్వకపోవడమే మంచిదని నిపుణుల సూచన. ఎంత డబ్బున్నా, ఇప్పుడున్న పరిస్థితిలో నేనైతే ఇవ్వను. అన్నయ్యకు ఈ మాట వివరంగా చెప్పండి.

మీరు రాసిన ఉర్దూ కబుర్ల విషయం నాకు చాలా ముఖ్యంగా అనిపించింది. మన నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఒక్క భాషే వచ్చినవారికన్నా రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారికి ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది. మందుల కోసం ప్రపంచమంతా వెతుకుతున్న రోజుల్లో మన ఊళ్లోనే ఇలాంటి పరిశోధన జరగడం నాకెంతో గర్వంగా ఉంటుంది. స్కాన్ అయి, డాక్టర్ సరేనన్నాక పక్కింటివాళ్లను మళ్లీ ఇంటికి పిలవండి. మాట తట్టకపోతే మీరు తొందరపడి అందించకండి, కాస్త సమయం ఇవ్వండి. చెవులు కూడా పరీక్ష చేయించండి. సరిగా వినిపించకపోయినా పెద్దవాళ్లు మాటలు తగ్గించేస్తారు. వినికిడి లోపం డిమెన్షియా ముప్పును పెంచే కారణాల్లో ఒకటి, వినికిడి యంత్రంతో దాన్ని చాలావరకు సరిచేయవచ్చు.