విశాఖ–విజయవాడ: మిగిలే గంటకు ఎంత పెడుతున్నారు?

ప్రశ్న: మా ఇల్లు విశాఖలో, ఉద్యోగం విజయవాడలో. జీతం చేతికి 80 వేలు వస్తుంది. నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్లొస్తాను. రెండు విమానాశ్రయాల మధ్య దూరం 290 కిలోమీటర్లు, ప్రయాణం 40 నిమిషాలు అని ఆన్‌లైన్‌లో చూశాను. టికెట్ సగటున 3,600 పడుతోంది. వందేభారత్‌కు వెయ్యి అవుతోంది. విమానానికి మారిపోనా?

జవాబు: 290 కిలోమీటర్లన్నది మ్యాప్ మీద గీత గీసి కొలిచిన దూరం. రైలు మార్గం 350 కిలోమీటర్లు. ఆ 40 నిమిషాలు కూడా గాల్లో ఉండే సమయమే. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ అనే చిన్న విమానం వేగం గంటకు 500 కిలోమీటర్ల దాకా ఉంటుంది. రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, దిగడానికి వంతు రావడం కలిపితే టికెట్ మీద గంటా అయిదు నిమిషాలు కనిపిస్తుంది.

ఇప్పుడు గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క వేయండి. ఇంటి నుంచి విమానాశ్రయానికి 40 నిమిషాలు. బ్యాగేజీ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి అక్కడ 80 నిమిషాలు. ప్రయాణం 65, బయటపడటానికి 20. గన్నవరం నుంచి ఊళ్లోకి మరో 45. మొత్తం నాలుగు గంటలు దాటింది. వందేభారత్ నాలుగు గంటల పైచిలుకు తీసుకుంటుంది, స్టేషన్లు రెండూ ఊరి మధ్యలోనే కాబట్టి అటూ ఇటూ కలిపి అయిదు గంటలు. మిగిలేది గంట.

ఆ గంట ధర చూడండి. విమానం టికెట్ 3,600, రెండు వైపులా క్యాబ్‌లకు 1,100 అనుకుంటే 4,700. రైలు, ఆటోలు కలిపి 1,300. తేడా 3,400. మీ జీతాన్ని నెలకు 200 పనిగంటలతో భాగిస్తే గంటకు 400 వస్తుంది. నెలకు నాలుగు ప్రయాణాలంటే 13,600 అదనం, ఏడాదికి 1,63,200. నా సలహా: రైల్లోనే వెళ్లండి, అందులో 10 వేలు జీతం పడిన మర్నాడే ఆర్‌డీలోకి (బ్యాంకు రికరింగ్ డిపాజిట్) వెళ్లేలా పెట్టండి.

టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, శుక్రవారం సాయంత్రానివి అప్పుడే తీసేసుకోండి. వందేభారత్‌కు వారంలో ఒక రోజు సెలవు, ఆ రోజు మారుతుంటుంది, చూసుకోండి. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి ఎక్కాల్సి వస్తే విశాఖ ఊళ్లోంచి దాదాపు 45 కిలోమీటర్లు. మిగిలే ఆ గంట కూడా దారిలోనే పోతుంది.

తిరుపతి సంగతి వేరు. విశాఖ నుంచి నేరుగా కొలిస్తే 600 కిలోమీటర్లు, రైల్లో ఒక రాత్రంతా. దూరం రెట్టింపైనా ప్రయాణం పెరిగేది అరగంటే, ఎందుకంటే ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం ఎంత దూరానికైనా అంతే. నేరుగా విమానం దొరికితే అక్కడ ఖర్చు పెట్టండి. హైదరాబాద్‌లో మారి వెళ్లేదైతే ఆ లాభం చాలావరకు పోతుంది.

ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే విమానమే ఎక్కాలి. చివరి నిమిషం ధరలు రెట్టింపు కావచ్చు కాబట్టి 20 వేలు పొదుపు ఖాతాలో విడిగా ఉంచండి. టికెట్ రద్దు చేసుకుంటే 'నాన్ రిఫండబుల్' అన్నారని వదిలేయకండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం పన్నులు, విమానాశ్రయ వినియోగ రుసుము తిరిగి ఇవ్వాల్సిందే. కన్వీనియన్స్ ఫీజు మాత్రం రాదు.