భుజం మీద ఐ.వై. అక్షరాలున్న ఫొటో 1914 నాటిదేనా?

మీ ఫొటోలో ఒకవైపు అంచు పైకి మడిచిన వెడల్పాటి టోపీ, భుజం మీద ఇత్తడి ఐ.వై. అక్షరాలు ఉన్నాయని, ఇది మొదటి ప్రపంచ యుద్ధం నాటిదేనా అని అడిగారు. కాదండి, అంతకంటే పాతది. ఐ.వై. అంటే ఇంపీరియల్ యోమన్రీ. దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకూ డచ్ సంతతి బోయర్లకూ జరిగిన బోయర్ యుద్ధం కోసం 1899 డిసెంబరులో మొదలైన స్వచ్ఛంద అశ్వికదళం ఇది. 1901లో బ్రిటన్‌లోని పాత యోమన్రీ రెజిమెంట్లకూ ఇదే పేరు పెట్టారు. 1908లో బ్రిటన్ స్వచ్ఛంద సైనికదళమైన టెరిటోరియల్ ఫోర్స్ ఏర్పడ్డాక 'ఇంపీరియల్' పోయింది, భుజం మీద టి, దాని కింద వై వచ్చాయి. 1914 నాటి ఫొటో అయితే తలపై గట్టి అంచున్న క్యాప్ కనిపించాలి.

టోపీని బట్టి అతను దక్షిణాఫ్రికా వెళ్లాడని మాత్రం అనుకోకండి. స్వదేశంలో శిక్షణ పొందినవాళ్లూ అలాంటి టోపీయే పెట్టుకున్నారు. ఛాతీ మీద పతకం రిబ్బన్ ఉందేమో భూతద్దంతో చూడండి, అదైతే బలమైన ఆధారం.

బ్యాడ్జిని కూడా పెద్దగా స్కాన్ చేసి పెట్టండి. దాని మీది కిరీటం కమానులు నడిమధ్య కిందికి వంగితే విక్టోరియా రాణి కాలం నాటి నమూనా, గుండ్రంగా పైకి ఉబ్బితే ఏడో ఎడ్వర్డ్ రాజయ్యాక వచ్చింది. ఇంత చక్కగా దాచిన ఫొటో దొరకడం అరుదు, దయచేసి అట్ట నుంచి ఊడదీయకండి.