మణికట్టు సంగతి తేలాకే సంతకం
(వాహనాలు, ప్రమాదాలు, బీమాకు సంబంధించిన పాఠకుల సందేహాలకు వాహన బీమా సర్వేయరుగా పనిచేసి విరమించిన మా కాలమిస్టు సమాధానాలు)

ప్రశ్న: సర్వేయరు గారికి నమస్కారం. నిన్న సాయంత్రం స్కూటరు మీద ఇంటికి వస్తుంటే మలుపు దగ్గర ఒక కారు నా కుడివైపు రాసుకుంటూ దాటింది. నేను ఎడమవైపుకు పడిపోయాను. మోచేయి గీసుకుపోయింది. అద్దం విరిగింది. హ్యాండిల్ కాస్త పక్కకు తిరిగినట్టు ఉంది. కారు నడిపే ఆయన ఆగి, నన్ను లేపి, క్షమించమని అడిగారు. కొంత డబ్బు ఇవ్వబోయి, "ఇంతటితో అయిపోయిందని ఒక కాగితం మీద రాసివ్వండి" అన్నారు. నేను డబ్బూ తీసుకోలేదు, రాసీ ఇవ్వలేదు. ఆయన ఫోను నంబరు తీసుకుని, స్కూటరును మెల్లగా నడుపుకుంటూ ఇంటికి వచ్చాను. పొద్దున్న లేచేసరికి ఎడమ మణికట్టు నొప్పిగా ఉంది. మా ఆయన "ఇంత చిన్నదానికి రాద్ధాంతం ఎందుకు, ఆయన ఇచ్చింది తీసుకుని వదిలెయ్" అంటున్నారు. మా అన్నయ్య "ముందు కేసు పెట్టు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: అమ్మా, ఇవాళ్టికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. మీ ఆయన ఖర్చు ఎంతో తేలకముందే లెక్క మూసేస్తున్నారు. మీ అన్నయ్య దెబ్బ ఎంతో తెలియకముందే పోరాటానికి దిగుతున్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టకపోవడం ఒక్కటే నిన్న జరిగిన వాటిలో మంచి పని. మిగతాది ఒక వరుసలో చూద్దాం. ముందు ఒళ్లు, తర్వాత స్కూటరు ముందుభాగం, ఆ తర్వాతే డబ్బు.

మణికట్టుతో మొదలుపెడతాను. నేను డాక్టరును కాను. అయితే బండి మీద నుంచి పడినవాళ్ల కాగితాలు ఏళ్ల తరబడి చదివాను కాబట్టి ఒక సంగతి చెప్పగలను. పడేటప్పుడు ఎవరైనా అరచేయి నేలకు ఆనిస్తారు. మీ బొటనవేలిని పైకి చాచి చూడండి. దాని మొదట్లో, మణికట్టు పక్కన, రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. దాంట్లో రెండో చేతి వేలితో నొక్కితే చురుక్కుమంటే ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆ గుంట కింద స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం ప్రధానంగా వేళ్ల వైపు నుంచే అందుతుంది. అందుకే అది విరిగితే వెనక ముక్కకు రక్తం సరిగా చేరక, అతుక్కోకుండా మొండికేస్తుంది. పైగా మొదటి ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవడం మామూలే. అనుమానం ఉంటే డాక్టరు చేతికి కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయిస్తారు, లేదంటే ముందే స్కాన్ రాస్తారు. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అని మొదటి రోజే ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టినవాళ్లు ఆ రెండో ఎక్స్‌రే ఖర్చు సొంత జేబులోంచే పెట్టుకున్నారు. గుంటలో నొప్పి లేకపోయినా వాపు, బలహీనత ఉంటే చూపించుకోవాల్సిందే.

తల నేలకు తగిలిందో లేదో మీరు రాయలేదు. తగిలి ఉంటే 24 నుంచి 48 గంటలు ఒంటరిగా ఉండకండి. తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్లీ మళ్లీ వాంతులు, మాట తడబడటం, అయోమయం, లేపినా లేవలేనంత మగత, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికే. రక్తం పలచబరిచే మందులు వాడేవారైతే ఈ లక్షణాల కోసం ఎదురుచూడకుండానే వెళ్లాలి. హ్యాండిల్ చివర పొట్టలో గుచ్చుకుని ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి. పైన చర్మం మీద చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ ఉండదు, లోపల ప్లీహానికో కాలేయానికో తగిలిన దెబ్బ గంటల తర్వాత బయటపడుతుంది.

మోచేతిని ధారగా పడే నీటి కింద బాగా కడగండి. ఇసుక రేణువులు లోపలే ఉండిపోతే చర్మం వాటి మీదుగానే మూసుకుని నల్లటి మచ్చ మిగులుతుంది. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. మట్టి అంటిన గాయానికి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు. డాక్టరు ఇచ్చే చీటీ మీద ప్రమాదం జరిగిన తేదీ, ఎలా జరిగిందీ రాయించుకోండి. రేపు బీమా వాళ్లు మొదట అడిగేది ఆ చీటీనే.

ఇక స్కూటరు. దాన్ని ఇంకా తుడవలేదు కదా? తుడవకండి. మీ బండికి ఇప్పుడు రెండు పక్కలా రెండు రకాల గుర్తులు ఉండాలి. ఎడమవైపు నేల గీసిన గీతలు. బ్రేకు లీవరు కొనా, హ్యాండిల్ చివరా, ఫుట్‌బోర్డు అంచూ గరుకుగా అరిగి, దుమ్ము పట్టి ఉంటాయి. కుడివైపు కారు రాసుకున్న చోట మరో రంగు పెయింటు అంటుకుని ఉండవచ్చు. తడిగుడ్డతో నాలుగుసార్లు రుద్దితే ఆ రంగు పోతుంది, దాంతోపాటు మీ సాక్ష్యమూ పోతుంది. రెండు వైపులా ఫొటోలు తీయండి. కుడివైపు గీత పక్కన కొలత టేపును నేల నుంచి నిలబెట్టి ఇంకొకటి తీయండి. ఆ ఎత్తు కారు బంపరు ఎత్తుతోనో అద్దం ఎత్తుతోనో సరిపోతే వాదన అక్కడే ముగుస్తుంది. మా వృత్తిలో ఉన్నవాళ్లు మనుషులు చెప్పే కథ కంటే ముందు ఈ కొలతనే చూస్తారు.

హ్యాండిల్ తిరిగిన బండిని నడుపుకుంటూ రావడం నాకు నచ్చలేదు. మళ్లీ నడపకండి, మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. ఈలోగా మీరే ఒక పరీక్ష చేయవచ్చు. బండిని సెంటర్ స్టాండు వేసి, వెనక ఎవరినైనా నొక్కిపట్టమని, ముందుచక్రం నేలకు తగలకుండా లేపండి. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు దెబ్బతిని ఉండవచ్చు. చక్రాన్ని చేత్తో తిప్పి ఎదురుగా కూర్చుని చూడండి. రిమ్ము అటూ ఇటూ ఊగితే సొట్ట పడినట్టే. చక్రం నేరుగా ఉండి హ్యాండిల్ మాత్రమే పక్కకు ఉంటే పని చిన్నదే కావచ్చు, కానీ ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంగలేదని మెకానిక్ చూసి చెప్పాలి. లీవరు వంగి ఉంటే మార్పించండి. అల్యూమినియం లీవరును వెనక్కి వంచి సరిచేస్తే పైకి బాగానే కనిపిస్తుంది. గట్టిగా బ్రేకు పట్టిన రోజున విరుగుతుంది. అద్దం సంగతి అందరికీ కనిపిస్తుంది కాబట్టి దాని గురించి నేను చెప్పేదేమీ లేదు.

మెకానిక్ నోటిమాటగా చెప్పే మొత్తం వద్దు. ఫోర్కు, బేరింగు, లీవరు, అద్దం, కూలి, ఇలా విడివిడిగా రాసివ్వమనండి. బీమా సర్వేయరు చూడకముందే విప్పనివ్వకండి.

ఇప్పుడు కారాయన విషయం. ఆగారు, లేపారు, నంబరు ఇచ్చారు. పారిపోయేవాళ్లను చాలామందిని చూశాను కనుక ఆయన మీద నాకు సదభిప్రాయమే ఉంది. అయినా ఇవాళే ఆయనకు ఒక సందేశం పంపండి: "నిన్న సాయంత్రం ఫలానా మలుపు దగ్గర మీ కారు నా స్కూటరుకు తగిలి నేను పడిపోయాను. చేతికి పరీక్షలు చేయించుకుంటున్నాను. బండికి అయ్యే ఖర్చు అంచనా రాగానే పంపుతాను." అంతే రాయండి, నిష్ఠూరాలు వద్దు. ఆయన "సరే అమ్మా" అని బదులిచ్చినా చాలు, ప్రమాదం జరిగిందని ఆయనే ఒప్పుకున్నట్టు రాతలో ఉంటుంది. కారు నంబరు, ఆయన బీమా సంస్థ పేరు అడిగి తీసుకోండి.

మీ బీమా సంస్థకు కూడా తెలియజేయండి. తెలియజేయడం వేరు, క్లెయిమ్ చేయడం వేరు. కబురు ఆలస్యమైతే తర్వాత చిక్కులు వస్తాయి, గడువు ఎంతో పాలసీలోనే ఉంటుంది. క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది అంచనా చేతికి వచ్చాక లెక్క వేసుకోండి. మీ వంతుగా మినహాయించే మొత్తం ఎంత, క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది ప్రీమియంలో పోయే రాయితీ ఎంత, రెండూ కలిపి మరమ్మతు ఖర్చును మించితే క్లెయిమ్ వల్ల లాభం లేదు. ఒక్క అద్దానికీ లీవరుకూ నేనైతే చేయను. ఫోర్కు మార్చాల్సి వస్తే చేస్తాను.

పోలీసుల విషయంలో మీ అన్నయ్య మాటలో సగం నిజం ఉంది. మనిషికి దెబ్బ తగిలిన ప్రమాదాన్ని తెలియజేయాలని చాలాచోట్ల చట్టమే అడుగుతుంది. ఎముక విరిగిందని తేలితే వెనకాడకండి. జరిగింది చెప్పి నమోదు చేయించడానికి పగ అక్కర్లేదు, ఆ మాట కారాయనకూ ముందే చెప్పవచ్చు. మణికట్టు బాగుందని డాక్టరు తేల్చి, ఖర్చు ఇంతేనని తెలిసి, ఆయన ఇచ్చేస్తే, అప్పుడు మీ ఆయన చెప్పినట్టే ముగించండి. కాగితం రాయాల్సి వస్తే "వాహనం మరమ్మతు ఖర్చు మాత్రమే అందింది" అని రాయండి. "ఇకపై ఎలాంటి హక్కూ లేదు" అన్న వాక్యం ఉంటే అది కొట్టేశాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: బండి జారి పడ్డాను. హెల్మెట్ నేలకు గట్టిగా తగిలింది. పైన ఒక గీత తప్ప పగులు లేదు. కొని ఏడాది కూడా కాలేదు. నాన్నగారు "బాగానే ఉంది కదా, వాడుకో" అంటున్నారు. వాడవచ్చా?

జవాబు: వాడవద్దు బాబూ. మిమ్మల్ని కాపాడింది పైన కనిపించే పెంకు ఒక్కటే కాదు. లోపల థర్మోకోల్ లాంటి పొర ఉంటుంది. దాన్ని ఇ.పి.ఎస్. అంటారు. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ శక్తిని తనలోకి తీసుకుంటుంది. ఒకసారి నలిగిన చోట మళ్లీ ఉబ్బదు. బయటి పెంకు మాత్రం వంగి మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది, అందుకే మీ నాన్నగారికి అది బాగానే కనిపిస్తోంది. లోపలి మెత్త ఊడదీసి వేలితో తడిమితే ఒక్కోసారి పలచబడిన చోటు తెలుస్తుంది. తెలియకపోయినా బాగుందని అర్థం కాదు. తల లేని హెల్మెట్ బల్ల మీద నుంచి కింద పడితే ఇంత కంగారు అక్కర్లేదు. తల లోపల ఉండగా తగిలిన దెబ్బే పొరను నలుపుతుంది. పాతదాన్ని ఎవరికీ ఇవ్వకండి, పట్టీ కోసి పారేయండి. పారేసే ముందు ఫొటో తీసి ఉంచండి, బీమా క్లెయిమ్ ఉంటే పనికొస్తుంది.

ప్రశ్న: నా స్కూటరు తగిలి, ఆగి ఉన్న ఒక కారు తలుపు మీద గీత పడింది. యజమాని లేరు. ఎవరూ చూడలేదు. ఏం చేయాలి?

జవాబు: పేరు, ఫోను నంబరు, సమయం రాసి వైపరు కింద పెట్టండి. గీతను, దాని పక్కనే మీ బండిని కలిపి ఫొటో తీసుకోండి, లేకపోతే ఆ తలుపు మీదున్న పాత గీతలన్నీ మీ ఖాతాలో పడవచ్చు. చుట్టుపక్కల కెమెరాలు ఉన్నాయేమో అని ఆలోచిస్తూ నాకు ఉత్తరం రాసే బదులు ఆ సమయంలో చీటీ రాసి ఉండవలసింది.

ప్రశ్న: కరెంటు స్కూటరు పక్కకు పడింది. ఫుట్‌బోర్డు కింద బ్యాటరీ పెట్టె మీద చిన్న సొట్ట ఉంది. బండి మామూలుగానే నడుస్తోంది. చార్జింగు పెట్టవచ్చా?

జవాబు: కంపెనీ సర్వీసు వాళ్లు చూసేవరకు పెట్టకండి, నడపకండి. లిథియం బ్యాటరీలో నలిగిన సెల్ వెంటనే గొడవ చేయకపోవచ్చు. లోపల చిన్న షార్టు ఉంటే గంటల తర్వాతో రోజుల తర్వాతో వేడెక్కి అంటుకోవచ్చు. బండిని ఇంట్లో కాకుండా, మెట్ల కింద కాకుండా, గోడలకూ మిగతా బళ్లకూ దూరంగా ఆరుబయట నిలపండి. వింత వాసన, బుసబుసమన్న శబ్దం, పొగ వస్తే దగ్గరికి వెళ్లకుండా అగ్నిమాపక దళాన్ని పిలవండి.