‘నామినీ’ని తెలుగులో ఏమనాలి? సొంతపక్షమే కాదంటే ఏమనాలి?

సందేహం: మా మనవరాలు డాలస్‌లో చదువుతోంది. తమ ఊరి న్యాయవాది ఒకావిడ గురించి బడిలో రాసిన వ్యాసాన్ని తెలుగులో పెట్టమని నన్నడిగింది. ‘బుష్ నామినీ హారియట్ మియర్స్ నియామకాన్ని సంప్రదాయవాదుల వ్యతిరేకత కారణంగా 2005లో ఉపసంహరించుకున్నారు’ అని రాశాను. నా మిత్రుడొకరు చూసి ‘నామినీ ఇంగ్లీషు, నియమితురాలు అనాలి, పైగా సాంప్రదాయవాదులు అని దీర్ఘం ఉండాలి’ అన్నారు. ఇంకొకరు ‘ఛాందసులు’ అంటే సూటిగా ఉంటుందన్నారు. ఎవరి మాట సరైనది? (ఒక పాఠకుడు, తెనాలి)

సమాధానం: బ్యాంకులో ఖాతా తెరిచే ఫారం ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ‘నామినీ పేరు’ అని ఒక గడి, దాని పక్కనే ‘బంధుత్వం’ అని ఇంకో గడి ఉంటాయి. భార్య పేరో కొడుకు పేరో రాసి సంతకం పెడతాం. బీమా పాలసీకైనా, పీఎఫ్‌కైనా అంతే. తెలుగువాళ్ల నోట నామినీ అంటే మన తదనంతరం మన డబ్బు అందుకునే మనిషి. ‘బుష్ నామినీ’ అనగానే చదివేవారి మనసు ముందు అక్కడికే పోతుంది. కాబట్టి ఆ మాట మార్చమన్న మీ మిత్రుడి సలహా మంచిదే. కారణం మాత్రం అది ఇంగ్లీషు కావడం కాదు, మన దగ్గర దానికి వేరే అర్థం కుదురుకుపోవడం.

నామినేషన్ మాటదీ ఇదే కథ. ఎన్నికల్లో నిలబడే మనిషి తానే వెళ్లి రిటర్నింగ్ అధికారికి కాగితాలిస్తే ‘నామినేషన్ వేశాడు’ అంటాం. నామినేటెడ్ పదవి అంటే ప్రభుత్వం పేరు ప్రకటించగానే దక్కేది. రాష్ట్రపతి రాజ్యసభకు నామినేట్ చేసే 12 మంది సంగతీ అంతే, ఆ పేర్ల మీద మళ్లీ ఓటు వేసేవారుండరు. అంటే మన వాడుకలో నామినేట్ చేయడం, నియమించడం దాదాపు ఒకటైపోయాయి.

అమెరికాలో అవి రెండు మెట్లు. వారి రాజ్యాంగం రెండో అధికరణంలో రెండు క్రియలు విడివిడిగా ఉన్నాయి. అధ్యక్షుడు పేరు ప్రతిపాదిస్తాడు. అక్కడి చట్టసభలో ఎగువ సభ అయిన సెనేట్ సలహా, సమ్మతి పొందాక నియమిస్తాడు. ఈ రెండు మెట్ల నడుమే అక్కడి రాజకీయమంతా నడుస్తుంది. అందువల్ల ‘నియమితురాలు’ కుదరదు. ‘నియమిత’ అనేది పని పూర్తయిందని చెప్పే రూపం. అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఆవిడ పేరు ప్రకటించింది 2005 అక్టోబర్ 3న, ఆవిడ తప్పుకున్నది 27న. నియమితురాలని రాస్తే, న్యాయమూర్తి అయి 24 రోజులకే రాజీనామా చేసిందని పిల్లలు అనుకుంటారు. నిజానికి సెనేట్ కమిటీ విచారణే మొదలు కాలేదు. ‘నియామకాన్ని ఉపసంహరించుకున్నారు’ అన్న మీ వాక్యంలోనూ ఇదే పొరపాటు ఉంది. జరగని నియామకాన్ని వెనక్కి తీసుకోవడం ఎలా?

‘సిఫార్సు’ అందామా? మన దగ్గర సుప్రీంకోర్టు సీనియర్ న్యాయమూర్తుల బృందమైన కొలీజియం పేర్లు సిఫార్సు చేస్తుంది, రాష్ట్రపతి నియమిస్తారు. సిఫార్సు చేసేవారొకరు, నియమించేవారొకరు. అమెరికాలో ఆ రెండు పనులూ అధ్యక్షుడివే కాబట్టి అదీ అతకదు. ‘అభ్యర్థి’ అంటే అభ్యర్థించే మనిషి. ఎన్నికల వాడుకతో ఆ మాట అర్థం విస్తరించింది గనక తప్పనను. కానీ ఇక్కడ నాకు మనసొప్పదు. మైయర్స్ (మీరు ‘మియర్స్’ అని రాసిన ఆవిడే) అప్పుడు వైట్‌హౌస్ న్యాయ సలహాదారు. ఆ ఖాళీకి తగిన మనిషిని వెతికే పని చూస్తున్నది ఆవిడే. బుష్ తిరిగి ఆవిడనే ఎంచుకున్నారు.

నా సలహా, నామవాచకం కోసం వెతకడం మానేయండి. ‘బుష్ ప్రతిపాదించిన మైయర్స్’ అంటే చాలు. ఇంగ్లీషు ఒక నామంతో చెప్పేదాన్ని తెలుగు క్రియాజన్య విశేషణంతో హాయిగా చెబుతుంది. ఎవరు ప్రతిపాదించారో కూడా అందులోనే తెలుస్తుంది. పేరు విషయం కూడా చెప్పాలి. ఆవిడ ఇంటిపేరు పలికేది ‘మైయర్స్’ అని. ‘మియర్స్’ అక్షరాలు చూసి రాసింది.

ఇక ‘సంప్రదాయవాదులు’. మీరు రాసిందే సరి. సంస్కృతి సాంస్కృతికం అయినట్టు సంప్రదాయం సాంప్రదాయికం అవుతుంది. ఈ మాటకు చివర ‘ఇక’ చేరినప్పుడే మొదట దీర్ఘం వస్తుంది. ‘సాంప్రదాయం’, ‘సాంప్రదాయవాది’ వ్యాకరణానికి నిలవవు, ఎంత విరివిగా కనిపించినా సరే. ‘ఛాందసుడు’ అంటే మొదట వేదం చదివినవాడు. ఛందస్సంటే వేదం. రానురాను అది లోకం పోకడ తెలియని మనిషికి, పాతను పట్టుకు వేలాడే మనిషికి నిందగా మారింది. ఒక పక్షం తనను తాను ఏ పేరుతో పిలుచుకుంటుందో ఆ పేరుకు దగ్గరి మాట వాడాలి. నింద వేయాలనుకుంటే వేరే వాక్యంలో వేయవచ్చు, పేరులో కాదు. పైగా ఆ వివాదం ఆచారాల గురించి కాదు. రాజ్యాంగాన్ని రాసిననాటి అర్థంలోనే చదవాలన్నది అక్కడి సంప్రదాయవాదుల్లో చాలామంది వాదం. మైయర్స్ టెక్సస్ న్యాయవాదుల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలు, పేరున్న న్యాయవాది. కానీ ఎన్నడూ న్యాయమూర్తిగా పనిచేయలేదు. రాజ్యాంగంపై ఆవిడ ఆలోచన ఏమిటో తెలిపే రాతలు వారికి కనబడలేదు. 1990లో పెద్ద బుష్ (ఈ బుష్ తండ్రి) సుప్రీంకోర్టుకు నమ్మి ఎంచుకున్న డేవిడ్ సూటర్ తర్వాత ఉదారవాదుల వైపు మొగ్గారు. ‘ఇక సూటర్లు వద్దు’ అన్నది అందుకే వారి నినాదమైంది. మనం ‘ఇంటికో విభీషణుడు’ అన్నప్పుడు కూడా ఒక మనిషి పేరు ఇలాగే జాతివాచకం అవుతుంది.

మీరు అడగని చిక్కు ఒకటుంది, నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే. ‘సంప్రదాయవాదుల వ్యతిరేకత’ అంటే వారు చూపిన వ్యతిరేకతా, వారి మీద ఉన్న వ్యతిరేకతా? ‘ప్రజా వ్యతిరేకత’ అంటే ప్రజలు చూపేది. ‘ప్రజా వ్యతిరేక విధానం’ అంటే ప్రజలకు చెరుపు చేసేది. ‘ప్రభుత్వ వ్యతిరేకత’ అంటే ప్రభుత్వం మీద ఉండేది. మాట ఒకటే అయినా దిక్కు మారిపోతోంది. ‘సంప్రదాయవాదుల నుంచి’ అంటే ఈ తికమక పోతుంది.

అయినా మైయర్స్ విషయంలో వ్యతిరేకత అన్న మాటే నాకు చాలదనిపిస్తుంది. 2009లో డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా సుప్రీంకోర్టుకు ప్రతిపాదించిన సోటోమయోర్‌కు సెనేట్‌లో 31 మంది రిపబ్లికన్లు వ్యతిరేకంగా ఓటేశారు. 2016లో ఆయనే ప్రతిపాదించిన గార్లండ్ పేరును 293 రోజులపాటు విచారణకే రానివ్వలేదు. అవి ఎదుటిపక్షం చేసిన పనులు గనక వ్యతిరేకత సరిపోతుంది. మైయర్స్‌ను కాదన్నది మాత్రం రిపబ్లికన్ అయిన బుష్ సొంత మనుషులు. 1987లో సుప్రీంకోర్టుకు ప్రతిపాదిస్తే 42–58 ఓట్లతో సెనేట్ తిప్పికొట్టిన రాబర్ట్ బోర్క్ సంప్రదాయవాదులకు ఎంతో ప్రియమైన మనిషి, ఆయన కూడా ఈ ఎంపికను గట్టిగా తప్పుపట్టారు. సొంత గూటిలోంచి వచ్చే ఇలాంటి ఎదురుమాటకు మన పత్రికలు ఏనాడో ఒక మాట స్థిరపరిచాయి. అసమ్మతి. టికెట్ల పంపకాల వేళ ‘అసమ్మతి వర్గం’ అని చదవని తెలుగువారుండరు. పరాయివారి అడ్డును మనం ఎన్నడూ అసమ్మతి అనం. అయితే ఈ కథలో సెనేట్ ‘సమ్మతి’ కూడా ఉంది కాబట్టి, సెనేట్ కాదన్నదేమో అనుకోకుండా ‘సొంతపక్షంలో అసమ్మతి’ అని రాయండి.

చివరి క్రియ సంగతి. ఇచ్చినవారే వెనక్కి తీసుకోగలరు. ప్రతిపాదనను ‘ఉపసంహరించుకున్నారు’ అంటే ఆ కర్త బుష్. మైయర్స్ ‘తప్పుకున్నారు’. ఆవిడ తన లేఖలో చెప్పిన కారణం వైట్‌హౌస్ అంతర్గత పత్రాలను సెనేటర్లు అడగడం. అందువల్ల ‘అసమ్మతి కారణంగా’ అనే బదులు ‘అసమ్మతి నడుమ’ అనడం న్యాయం.

మీ మనవరాలికి ఇలా రాసి పంపండి: ‘అధ్యక్షుడు బుష్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ప్రతిపాదించిన మన డాలస్ న్యాయవాది హారియట్ మైయర్స్, సొంతపక్షంలోని సంప్రదాయవాదుల నుంచి తలెత్తిన అసమ్మతి నడుమ, 2005 అక్టోబర్ 27న తప్పుకున్నారు.’