ఆగి ఆగి నడిచే పాత బండి

ప్రశ్న: నా పాత మోటారు సైకిలు కొంత దూరం బాగానే నడిచి ఆగిపోతోంది, కాసేపు నిలిపితే మళ్లీ స్టార్టవుతోంది. కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) మార్చాలా?

జవాబు: తొందరపడి మార్చకండి. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ లోపల ఒత్తిడి తగ్గి, ధార సన్నబడి, మీరు చెప్పినట్టే బండి ఆగుతుంది కనుక మొదటి అనుమానం దాని మీదే. బండి ఆగిన వెంటనే మూత తెరవండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వినిపించి, ఇంజిన్ వెంటనే అందుకుంటే దోషం అక్కడే ఉంది. కాకపోతే, ఇంజిన్ చల్లారాక, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, కార్బురేటర్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, పెట్రోలును గిన్నెలోకి పట్టండి. ధార ఆగకుండా వస్తే, పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రపు ఇత్తడి ముక్క అయిన మెయిన్ జెట్‌ను, చుక్కలుగా మారితే పెట్రోలు ట్యాప్‌లోని జాలీని, కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను అదుపు చేసే ఫ్లోట్ నీడిల్‌ను పరిశీలించాలి. జెట్‌లో తీగ మాత్రం దూర్చవద్దు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం పెద్దదైతే గాలితో కలిసే పెట్రోలు మోతాదు పెరిగిపోతుంది.