టెక్ సందేహాలు: అడాప్టర్ మార్చేది పిన్నులనే, కరెంటును కాదు

ప్రశ్న: వచ్చే నెల న్యూయార్క్, అక్కణ్నుంచి లండన్ వెళ్తున్నాను. అన్ని దేశాల్లో పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉన్న యూనివర్సల్ అడాప్టర్ కొన్నాను. ఫోను, ల్యాప్‌టాప్, 230 వోల్టుల హెయిర్ డ్రయ్యర్ అన్నీ దానికే పెట్టుకోవచ్చు కదా?

ఫోను, ల్యాప్‌టాప్ వరకు టెన్షన్ లేదు. డ్రయ్యర్ దగ్గరే వస్తుంది తంటా. డబ్బా మీద ఎన్ని దేశాల జెండాలు ముద్రించినా అడాప్టర్ చేసే పని ఒక్కటే, మీ ప్లగ్గు పిన్నులు అక్కడి సాకెట్లో పట్టేలా చూడటం. గోడలో 120 వోల్టులుంటే ఆ 120 వోల్టులే మీ వస్తువులోకి వెళ్తాయి. అమెరికాలో ఉండేది అదే, 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (అంటే కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది). బ్రిటన్‌లో 230, 50 హెర్ట్జ్. (జపాన్‌ది మరీ విడ్డూరం, 100 వోల్టులే, పైగా టోక్యోలో 50 హెర్ట్జ్, ఒసాకాలో 60.)

అందుకే అడాప్టర్ డబ్బా కంటే ముందు మీ ఛార్జర్ వెనకున్న చీమ తలకాయంత అక్షరాలు చదవండి. ‘ఇన్‌పుట్’ అన్నచోట 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, ఈమధ్య ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇలాంటివే. కింద ‘అవుట్‌పుట్’ దగ్గర 5, 9, 20 వోల్టులని చూసి కంగారుపడకండి, అది ఛార్జర్ మీ ఫోనుకో ల్యాప్‌టాప్‌కో ఇచ్చేది.

ఇక డ్రయ్యర్. వేడి పుట్టించే వస్తువుకి వోల్టేజీ సగమైతే పవర్ సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. 1200 వాట్ల డ్రయ్యర్ న్యూయార్క్‌లో సుమారు 330 వాట్లే ఇస్తుంది, జుట్టు ఆరేలోపు విసుగొస్తుంది. అసలు ప్రమాదం దీనికి తిరగబడితేనే. అక్కడ 120 వోల్టుల డ్రయ్యర్ కొని లండన్ తీసుకెళ్లి అడాప్టర్‌తో గోడకు పెట్టారనుకోండి, మూడున్నర రెట్లకు పైగా పవర్ లాగి మాడిపోతుంది. వోల్టేజీనే మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి, కానీ డ్రయ్యర్‌ని మోయగలిగేది ఇటుకంత బరువుంటుంది, నన్నడిగితే డ్రయ్యర్ ఇంట్లో వదిలేసి వెళ్లడమే మేలు. రెండు వోల్టేజీలకూ పనిచేసే ట్రావెల్ డ్రయ్యర్లు ఉన్నాయి, వాటిలో కొన్నింటికి వోల్టేజీ స్విచ్ మీరే తిప్పాలి, మర్చిపోయారో పైన చెప్పిన కథే.

లండన్ సంగతి ఇంకోటి, అక్కడి ప్లగ్గుల లోపల ఫ్యూజు ఉంటుంది. చాలా అడాప్టర్లలో కూడా ఒకటి పెడతారు. అడాప్టర్ పనిచేయడం ఆగిపోతే పారేసేముందు ఆ ఫ్యూజు చూడండి, స్పేర్ ఫ్యూజు చాలాసార్లు దాని అరలోనే ఉంటుంది.

ప్రశ్న: అడాప్టర్‌తో ఛార్జింగ్ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్ మెటల్ అంచు తగిలితే చేతికి జివ్వుమంటోంది. పాడైనట్టా?

చాలావరకు కాదు. ల్యాప్‌టాప్ ఛార్జర్లలో కరెంటు రొదను అణిచే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటి ద్వారా అతి కొద్దిపాటి కరెంటు మెటల్ బాడీకి చేరుతుంది. మూడు పిన్నుల ప్లగ్గయితే అది ఎర్త్ వైరులోకి పోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. చాలా యూనివర్సల్ అడాప్టర్లలో ఆ ఎర్త్ పిన్ను ఉత్త ప్లాస్టిక్ ముక్క, దేనికీ కలిసి ఉండదు. దాంతో ఆ దారి మీ చెయ్యి అవుతుంది. మామూలుగా ఇది ప్రమాదకరమైనంత ఉండదు, కానీ జివ్వుమనడం కాస్తా గట్టి షాక్‌లా అనిపిస్తే వెంటనే ప్లగ్గు తీసేసి ఛార్జర్ మార్చండి. ఇస్త్రీ పెట్టె, మెటల్ కెటిల్ లాంటివి మాత్రం ఎర్త్ లేని అడాప్టర్‌కి పెట్టనే పెట్టొద్దు.

నేను చేసే పని చెప్తాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ నుంచి గోడదాకా వెళ్లే వైరు చాలా మోడళ్లలో ఊడి వస్తుంది, చివర మూడు బొడిపెల ఆకులా ఉంటుంది. వెళ్లే దేశపు ప్లగ్గున్న వైరు ఒక్కటి కొని తగిలిస్తే అడాప్టరే అక్కర్లేదు, ఎర్త్ కూడా సరిగ్గా దొరుకుతుంది. ఒకసారి జపాన్‌కి మాత్రం అమెరికా వైరు పట్టుకెళ్లి దొరికిపోయాను. అక్కడ చాలా సాకెట్లకు రెండే చీలికలు, నా వైరుకి మూడో పిన్ను! ఆ రాత్రంతా ఫోను ఛార్జర్‌తోనే ల్యాప్‌టాప్‌ని బతికించుకున్నాను.

యూరప్ వెళ్లేవాళ్లకు కూడా ఒక మాట, ఫ్రాన్స్‌లో ఎర్త్ పిన్ను సాకెట్లోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, జర్మనీలో సాకెట్ పక్కల్లో క్లిప్పుల్లా ఉంటుంది. రెండింటికీ సరిపోయే ప్లగ్గులు ఉన్నాయి, కొనేటప్పుడు ఆ పిన్ను దూరే రంధ్రం, పక్క క్లిప్పుల గాడి రెండూ ఉన్నాయో లేదో చూడండి.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టొచ్చా?

పెట్టకూడదు, చేతిలో ఉంచుకునే బ్యాగులోనే పెట్టాలి. ఎయిర్‌లైన్లు చూసేది వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో ఆ లెక్క. 20,000ని 3.7తో (లోపలి బ్యాటరీ వోల్టేజీ) గుణించి వెయ్యితో భాగిస్తే 74 వాట్-అవర్లు, 100 దాటనంతవరకు సాధారణంగా అనుమతి అడగక్కర్లేదు, 100 నుంచి 160 మధ్యయితే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి. విమానంలో దాన్ని వాడనిస్తారా లేదా అనేది ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతోంది, టికెట్‌తో వచ్చే నిబంధనలు చదవండి. అంకెలు చెరిగిపోయిన పాత పవర్ బ్యాంక్ అయితే ఇంట్లోనే ఉంచండి, తనిఖీలో వాళ్లు వెతికేది ఆ అంకెల కోసమే.