పీచ్ బౌల్‌లో టెక్సాస్‌ను అరిజోనా స్టేట్ ఓడించగలదా?

టెంపీలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్న మీ అబ్బాయి 2025 జనవరి 1న జరిగే పీచ్ బౌల్ అనే అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఆటను మీరు కూడా హైదరాబాద్‌లో మేలుకొని చూడాలని పట్టుబడుతున్నాడనీ, అరిజోనా స్టేట్‌కు నిజంగా గెలిచే అవకాశం ఉందో లేదో, ఆటలో దేన్ని గమనించాలో చెప్పమనీ మీరు అడిగారు. నేనూ ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకొని, ఫీనిక్స్ ప్రాంతంలోనే ఉద్యోగం చేసుకుంటూ, ఏళ్ల తరబడి ఈ జట్టు ఆటలను స్టేడియంలో కూర్చుని చూస్తున్నవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. రెండు జట్లలో టెక్సాస్‌దే పైచేయి. అయినా ఆట చివరిదైన నాలుగో క్వార్టర్ దాకా తేలకుండా సాగితే గెలుపు ఎవరిదైనా కావచ్చు. అలా సాగుతుందా లేదా అన్నది చాలావరకు ఒకే ఒక్క ఆటగాడి కాళ్ల మీద ఆధారపడి ఉంది.

ముందుగా ఈ ఆట ఎందుకంత పెద్దదో చెప్పాలి. కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ టైటిల్ కోసం పన్నెండు జట్లతో ప్లేఆఫ్ జరగడం ఈ 2024 సీజన్‌తోనే మొదలైంది. కాన్ఫరెన్స్‌లు అనే లీగ్‌ల ఛాంపియన్లలో ర్యాంకు ప్రకారం మొదటి నలుగురికి తొలి రౌండ్ ఆడే పని లేకుండా నేరుగా క్వార్టర్ ఫైనల్ దక్కింది. బిగ్ 12 కాన్ఫరెన్స్ ఛాంపియన్‌గా అరిజోనా స్టేట్ నాలుగో సీడ్, అంటే ప్లేఆఫ్‌లో నాలుగో వరుస స్థానం, పొందింది. ఐదో సీడ్ టెక్సాస్ డిసెంబర్ 21న ఆస్టిన్‌లో క్లెమ్సన్‌ను 38-24తో ఓడించి వచ్చింది. సీడ్లు చూసి మోసపోవద్దు. ప్లేఆఫ్ జట్లను ఎంపిక చేసే కమిటీ ర్యాంకుల్లో టెక్సాస్ మూడోది, మనది పన్నెండోది. పందెం వేసేవాళ్లు టెక్సాస్‌కు దాదాపు రెండు టచ్‌డౌన్ల, అంటే సుమారు పద్నాలుగు పాయింట్ల, ఆధిక్యం ఇస్తున్నారు.

నిరుడు, అంటే 2023లో, అరిజోనా స్టేట్ మూడే ఆటలు గెలిచి తొమ్మిది ఓడింది. పాత కాన్ఫరెన్స్ పాక్ 12 చెదిరిపోయాక బిగ్ 12లో అడుగుపెట్టిన మొదటి ఏడాది ఈ 2024. సీజన్‌కు ముందు విలేకరులు వేసిన అంచనాల్లో పదహారు జట్లలో పదహారో స్థానం మనకే ఇచ్చారు. అక్కడి నుంచి పదకొండు విజయాలకు చేరి, డిసెంబర్ 7న ఆర్లింగ్టన్‌లో అయోవా స్టేట్‌ను 45-19తో చిత్తు చేసి ఛాంపియన్ కావడం నా కళ్ల ముందే జరిగినా ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. కోచ్ కెనీ డిల్లింగ్‌హామ్‌కు ఈ 2024 సీజన్‌లో ముప్పై నాలుగేళ్లు. స్కాట్స్‌డేల్‌లో హైస్కూలు చదివి, ఇదే విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్న స్థానికుడు. ఊరివాడు ఊరి జట్టును నిలబెట్టాడన్న అభిమానం ఇక్కడ ప్రతి మాటలోనూ వినిపిస్తుంది.

ఇక నేను చెప్పిన ఆ ఒక్క ఆటగాడు రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకొని పరిగెత్తేవాడు, క్యామ్ స్కాటబో. శాక్రమెంటో స్టేట్ అనే చిన్న జట్టు నుంచి వచ్చిన ఇతను ఈ సీజన్‌లో పరుగుతోనే 1,568 గజాలు సంపాదించి 19 టచ్‌డౌన్లు చేశాడు; దానికి తోడు బంతిని అందుకొని మరో ఐదువందల గజాలు దాటాడు. ఆ ఏటి ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఓటింగులో ఐదో స్థానంలో నిలిచాడు. నవంబర్ 23న బీవైయూ (బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం)తో టెంపీలో జరిగిన ఆటలో అతను మూడు టచ్‌డౌన్లు చేయడం దగ్గర నుంచి చూశాను. మొదటి డిఫెండర్ నడుం పట్టుకున్నప్పుడు మామూలు ఆటగాడు కింద పడతాడు. స్కాటబో మోకాళ్లు కొద్దిగా వంచి, భుజం ముందుకు దించి, పట్టుకున్నవాణ్నే మోసుకుంటూ మరో రెండు మూడు గజాలు లాక్కుపోతాడు. ఆ రోజు ఆట అయిపోయిందనుకొని విద్యార్థులు మైదానంలోకి ఉరికారు. గడియారంలో ఇంకా ఒక్క సెకను మిగిలి ఉందని రెఫరీలు తేల్చడంతో అందరినీ వెనక్కి పంపి చివరి బంతి ఆడించారు. బీవైయూ ఆటగాడు ఆ పొడుగాటి పాస్‌ను అందుకున్నాడు గానీ ఎండ్ జోన్ (బంతిని చేరిస్తే టచ్‌డౌన్ అయ్యే మైదానం చివరి భాగం) చేరకముందే అతన్ని పడగొట్టడంతో ఆట 28-23తో ముగిసింది. ఆ కొద్ది క్షణాలు స్టేడియం అంతా ఊపిరి బిగబట్టింది.

ఆ చివరి రెండు మూడు గజాల విలువ మీకు అర్థం కావాలంటే ఒక నియమం తెలిస్తే చాలు. ప్రతి జట్టుకూ పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు, అంటే నాలుగు డౌన్లు ఉంటాయి. మొదటి రెండు డౌన్లలో స్కాటబో ఏడెనిమిది గజాలు తెచ్చిపెడితే మూడో డౌన్‌లో కావలసింది రెండు మూడు గజాలే అవుతుంది. అప్పుడు పరుగా, పాసా అన్నది ప్రత్యర్థికి అంతుపట్టదు. అదే మొదటి రెండు డౌన్లలో మూడు గజాలే వస్తే పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ శామ్ లెవిట్ తప్పనిసరిగా బంతి విసరాలి, ఆ సంగతి టెక్సాస్‌కు ముందే తెలిసిపోతుంది. జట్టులో పాస్‌లు అందుకునే అత్యుత్తమ రిసీవర్ జోర్డన్ టైసన్ ఉండి ఉంటే అలాంటి మూడో డౌన్లు కూడా నిభాయించుకోగలిగేవాళ్లం. కానీ 1,100 గజాలు దాటిన ఆ కుర్రవాడు అరిజోనా విశ్వవిద్యాలయం జట్టుతో ఆడిన చివరి లీగ్ ఆటలో కాలర్ ఎముక దెబ్బతిని సీజన్‌కు దూరమయ్యాడు. అయోవా స్టేట్‌పై అతను లేకుండానే గెలిచిన మాట నిజమే. అయితే టెక్సాస్‌లో రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్ జాడే బారన్ ఈ ఏడు దేశంలోకెల్లా ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కు ఇచ్చే జిమ్ థోర్ప్ అవార్డు గెలుచుకున్నవాడు. మనవైపు పాస్‌లు అందుకునే గిలరీ, మెటాయర్ వంటివారు అటువంటి రక్షణ ముందు ఎంతమేరకు ఖాళీ సంపాదిస్తారన్నదే నా పెద్ద బెంగ.

టెక్సాస్ విషయానికి వస్తే, వాళ్ల బలం దాడిలోనూ, రక్షణలోనూ ముందు వరుసలో, అంటే లైన్‌లోనే ఉంది. ఎడమ టాకిల్ కెల్విన్ బ్యాంక్స్ దేశంలో ఉత్తమ లైన్‌మన్‌కు ఇచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ విజేత. క్లెమ్సన్‌పై వాళ్లు పరుగుతో 292 గజాలు సాధించారు. జేడన్ బ్లూ ఒక్కడే 146, క్వింట్రెవియన్ విస్నర్ 110. క్లెమ్సన్ ఏడు పాయింట్ల దూరానికి వచ్చినప్పుడు బ్లూ 77 గజాలు పరిగెత్తి ఆట తేల్చేశాడు. రక్షణలో ఆల్ఫ్రెడ్ కాలిన్స్ లాంటి భారీ మనుషులు మధ్యలో గోడ కడితే, లైన్‌బ్యాకర్ ఆంథనీ హిల్, కొత్త కుర్రవాడు కాలిన్ సిమన్స్ పక్కల నుంచి దూసుకొస్తారు. పైగా మన సేఫ్టీ (రక్షణలో అందరికంటే వెనుక ఉండేవాడు) షమారీ సిమన్స్ బిగ్ 12 ఫైనల్లో టార్గెటింగ్ (ప్రత్యర్థిని ప్రమాదకరంగా ఢీకొట్టడం) అనే తప్పుతో బయటికి వెళ్లినందువల్ల ఈ ఆట మొదటి సగం ఆడడానికి వీల్లేదు. కాబట్టి విరామం లోపు టెక్సాస్ పెద్ద పాస్‌లకు ప్రయత్నిస్తుందని నేను అనుకుంటున్నాను.

అలాగని వాళ్లకు లోపాలు లేవని కాదు. టెక్సాస్ ఈ ఏడు రెండుసార్లు ఓడింది, రెండుసార్లూ జార్జియా చేతిలోనే; రెండోది ఇప్పుడు ఆడబోయే మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలోనే, డిసెంబర్ 7న, ఓవర్‌టైమ్‌లో 22-19తో. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ 358 గజాలు విసిరినా రెండు బంతులు ప్రత్యర్థి చేతికిచ్చాడు, కిక్కర్ బర్ట్ ఆబర్న్ రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని మూడు పాయింట్లు సాధించే ప్రయత్నాలు) తప్పాడు. ఒత్తిడి తగిలితే యూవర్స్ తొందరపడతాడు. క్లెమ్సన్ కూడా గాలిలో, అంటే పాస్‌లతో, 336 గజాలు సాధించిందంటే టెక్సాస్ వెనుక వరుసలో ఎక్కడో సందు ఉన్నట్టే. కాకపోతే క్లెమ్సన్ పరుగు మాత్రం 76 గజాల దగ్గరే ఆగిపోయింది. మన ఆట మొత్తం పరుగు మీదే ఆధారపడింది కనుక ఈ ఒక్క అంకె నన్ను మిగతా అన్నింటికంటే ఎక్కువ ఆలోచింపజేస్తోంది.

ఇంకొకటి, విశ్రాంతి. డిసెంబర్ 7 తర్వాత మనవాళ్లు ఆడలేదు. భుజం నొప్పితో ఒక ఆట మానుకున్న స్కాటబోకు, పక్కటెముకల దెబ్బతో ఒక ఆట పోగొట్టుకున్న లెవిట్‌కు ఈ మూడున్నర వారాలు మేలే చేస్తాయి. అయితే ఇన్ని రోజుల తర్వాత మొదటి క్వార్టర్‌లో చేతులు, కాళ్లు ఆట లయలో పడడానికి సమయం పట్టవచ్చు. మొదట్లోనే పది పద్నాలుగు పాయింట్లు వెనకబడితే స్కాటబోతో గడియారం కరిగించే పథకాన్ని పక్కన పెట్టక తప్పదు. అందువల్ల మొదటి రెండు డ్రైవులను, అంటే ఒక జట్టు బంతితో వరుసగా ఆడే విడతలను, జాగ్రత్తగా చూడండి. టెక్సాస్ ఎండ్ జోన్ దగ్గరికి వచ్చి టచ్‌డౌన్ బదులు ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకుంటోందా, మనం మూడో డౌన్‌లో ఎన్ని గజాల కోసం ఆడుతున్నాం అన్న రెండు విషయాలూ లెక్కపెట్టుకుంటే స్కోరు చూడకుండానే ఆట ఎటు పోతోందో మీకు తెలిసిపోతుంది.

ఆట అట్లాంటాలో మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలవుతుంది, అంటే మీకు జనవరి 1 రాత్రి పదకొండున్నర. గెలిచినవాళ్లు జనవరి 10న ఆర్లింగ్టన్‌లో కాటన్ బౌల్‌కు వెళ్లి, ఒరెగన్, ఒహాయో స్టేట్‌లలో రోజ్ బౌల్ గెలిచినవారితో ఆడతారు. ఈ రెండు జట్లూ ఇదివరకు తలపడింది 2007 హాలిడే బౌల్‌లో ఒక్కసారే, అప్పుడు టెక్సాస్ 52-34తో గెలిచింది. ఈసారి అంత తేడా రాదని నా గట్టి నమ్మకం. అంకెలు చూసి రాయమంటే టెక్సాస్ ఒక టచ్‌డౌన్ లోపు తేడాతో గెలుస్తుందని రాస్తాను. విరామ సమయానికి మనవాళ్లు పది పాయింట్ల కంటే తక్కువ వెనకబడి ఉంటే మాత్రం మీరు నిద్రకు వెళ్లవద్దు. రెండో సగంలో మన షమారీ సిమన్స్ తిరిగి వస్తాడు, టెక్సాస్ రక్షణ అలసిపోవడం మొదలవుతుంది, స్కాటబో అసలు ఆట అప్పుడే బయటపడుతుంది.